చోరీరహిత వారోత్సవంలో తాయారమ్మ

పోలీసు శాఖంటే నాకు మొదటినుంచీ గౌరవమే. లారీలు తిప్పేవాడికి ఆ గౌరవం లేకపోతే లారీలు కదలవు. అయితే ఆ గౌరవం ముదిరి భక్తిలో పడింది మాత్రం మొన్న ఎండాకాలం, మా రహదారి మీద ‘చోరీరహిత రహదారి వారోత్సవం’ జరిగినప్పుడే.

ఆ వారోత్సవం ఎట్లా పుట్టిందంటే, మా వైపుకు కొత్తగా వచ్చిన ఒక పెద్ద అధికారికి సరుకు లారీలు దారిలో మాయమైపోతున్నాయని దిగులు పట్టుకుంది. మంచి మనిషి. బాగా ఆలోచించి ఒక ఉత్తర్వు వేశాడు. వారం పాటు ఏ స్టేషను పరిధిలో ఒక్క చోరీ కూడా నమోదు కాదో ఆ స్టేషనుకు వెండి షీల్డు, అక్కడి ఎస్సై గారికి కోరుకున్న ఊరికి బదిలీ. ఎక్కడ నమోదైతే అక్కడి ఎస్సైకి మెమో, ఆ తరవాత సంజాయిషీ, ఆ తరవాత ఏ అడవిలోనో ఉద్యోగం. ఉత్తర్వులో దొంగల ప్రస్తావన ఎక్కడా లేదు. అంత పెద్ద పండగలో వాళ్లనెందుకు ఇబ్బంది పెట్టడమనుకున్నారేమో.

రహదారి పొడుగునా ఫ్లెక్సీలు లేచాయి. బడిపిల్లల చేత ర్యాలీలు తీయించారు. దాబాల వాళ్ల చేత ప్రతిజ్ఞ చేయించారు. పండగ మొదలైన రోజు పొద్దున్నే మా తాయారమ్మ పోయింది.

తాయారమ్మ మా ఆవిడ పేరు. ఆవిడ గాజులు అమ్మి కొన్న లారీ కాబట్టి క్యాబిన్ నెత్తిన ఆవిడ పేరే రాయించాను. తలుపుల మీద మా గుంటూరు ఇంటి అడ్రసు, వెనక ‘నన్ను చూసి ఏడవకు’ అని రాయించాను. లోపల మిరపకాయలున్నప్పుడు వెనకొచ్చేవాళ్లు ఆ మాట వినరు, అది వేరే సంగతి. ఆ రోజు కూడా మిర్చి యార్డులో తేజ రకం టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తుకుని, టార్పాలిన్ బిగించి, దక్షిణాన హార్బరుకు బయల్దేరింది. అక్కడ షావుకారు రంగనాయకులు గారి ఓడ కాచుకుని ఉంది.

మా డ్రైవరు మస్తాన్‌వలి కొండమిట్ట దాటాక ఒక దాబా దగ్గర టీకి ఆగాడు. అప్పుడతనికి ఫోనొచ్చింది. “నేను ఓనరు బాపయ్యను. హార్బరు దాకా మార్పు డ్రైవరును పంపుతున్నా, పసుపు తువ్వాలు వేసుకుని వస్తాడు. తాళాలిచ్చి నువ్వు ఇంటికి రా” అన్నారు అవతల. బాపయ్యంటే నేనే, ఆ ఫోను చేసింది మాత్రం నేను కాదు. దూరం లోడుకు మధ్యలో డ్రైవరును మార్చడం మాకు మామూలే. గొంతు బొంగురుగా ఉంది గదా, అనుమానం రాలేదా అని తరవాత నేనడిగాను.

“మిర్చి సీజన్లో మన గుంటూరోళ్లు ఎవరి గొంతు వాళ్లదిగా ఉంటదండీ ఓనరు గారూ? అది బొంగురుగా ఉండబట్టే మీరనుకున్నా,” అన్నాడు మస్తాన్‌వలి.

తిడదామనుకున్నాను గానీ, అప్పటికే నా గొంతూ బొంగురుపోయి ఉంది.

పసుపు తువ్వాలు మనిషి వచ్చాడు. మస్తాన్‌వలి అతనికి టీ ఇప్పించి, రెండో గేరు మొండిదని, పక్కకు తట్టి వెయ్యకపోతే ఇరుక్కుంటుందని చెప్పి మరీ తాళాలిచ్చాడు. ఇంటికొచ్చి నాకు కనపడ్డాక గానీ మా ఇద్దరికీ విషయం అర్థం కాలేదు. లారీలో జాడ చెప్పే పరికరం ఉండాలి గదా అంటారేమో. ఉంది. అది దాబా మంచం కింద దొరికింది.

రంగనాయకులు గారు శాంతంగా విని, పోలీసుల దగ్గర కేసు కట్టించి కాగితం తెమ్మన్నారు. లేకపోతే సరుకు నేనే అమ్ముకున్నాననుకోవాల్సి వస్తుందన్నారు. మా ఆవిడ అంత శాంతంగా లేదు.

“ఊరంతా తాయారమ్మను ఎవడో ఎత్తుకుపోయాడని చెప్పుకుంటా ఉంది. లారీతో రా. లేకపోతే రాబోకు,” అంది.

కొండమిట్ట ఎస్సై సోమసుందరం గారు మమ్మల్ని చాలా ఆదరించారు. కుర్చీలు వేయించారు, మజ్జిగ తెప్పించారు. ఆయన వెనక గోడ మీద మేకు ఒకటి కొత్తగా కొట్టి ఉంది. షీల్డు కోసమట. నేను చోరీ అన్న మాట ఎత్తగానే ఆయన ముఖం, పెళ్లిపందిట్లో ఎవరో తుమ్మినట్టు అయిపోయింది.

“సదరు లారీ చోరీ అయినదని తమరు ఏ ప్రాతిపదికన నిర్ధారణకు వచ్చారు?” అన్నారు.

లేదు గదండీ అన్నాను.

“లేకపోవడం వేరు, చోరీ వేరు. గమ్యం చేరని వాహనాన్ని శాఖాపరంగా ఆలస్యముగా నడచుచున్న వాహనం అంటాము. తమరి లారీ ఆలస్యముగా నడచుచున్నది.”

ఎన్నాళ్లు నడుస్తుందని అడిగాను. వారోత్సవం ముగిసేదాకా నడవవచ్చన్నారు. నా ఫిర్యాదు మాత్రం తీసుకుని, మజ్జిగ గ్లాసు కింద పెట్టి, అక్కడ పడి ఉండనివ్వండన్నారు.

నేను వదల్లేదు. సరే, ఘటనా స్థలం పరిశీలిద్దామని ఆయన టేపు తెప్పించుకుని దాబాకు వచ్చారు. కొలిస్తే తేలిందేమిటంటే, దాబా పొయ్యి కొండమిట్ట స్టేషను పరిధిలో ఉంది, మంచాలు రాళ్లవాగు స్టేషను పరిధిలో ఉన్నాయి. మస్తాన్‌వలి మంచం మీద కూర్చుని తాళాలిచ్చాడు. పసుపు తువ్వాలు మనిషి పొయ్యి దగ్గర నిలబడి పుచ్చుకున్నాడు. ఇచ్చిన చెయ్యి రాళ్లవాగుది, పుచ్చుకున్న చెయ్యి కొండమిట్టది. ఇవ్వనిదే పుచ్చుకోవడం లేదు గనక నేరం రాళ్లవాగులో మొదలైందని సోమసుందరం గారు తేల్చి, మా చేతులు పట్టుకుని ఊపి వెళ్లిపోయారు.

రాళ్లవాగు ఎస్సై ప్రకాశరావు గారు న్యాయశాస్త్రం చదివినవారు. తాళాలు ఇవ్వడంలో బలవంతం ఏమైనా జరిగిందా అని అడిగారు. లేదన్నాడు మస్తాన్‌వలి. ఇచ్చేటప్పుడు టీ కూడా ఇప్పించారు గదా అన్నారు. ఇప్పించానన్నాడు. గేరు సంగతి కూడా తమరే బోధించారు గదా అన్నారు. అవునన్నాడు.

“దీన్ని చోరీ అంటే ఆతిథ్యానికి అర్థం లేదు. ఇది శాంతిభద్రతల సమస్య కాదు, మర్యాదల సమస్య,” అని ఆయన లేచి నిలబడ్డారు. ఆయన లేచాక మేమూ లేవాల్సి వచ్చింది.

ఇంటికి పోలేను, కేసు లేదు, లారీ లేదు. బస్టాండులో కూర్చుని ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు మస్తాన్‌వలికి తెలిసిన ఒక డ్రైవరు ఫోను చేసి, తాయారమ్మ తాటిచెర్ల దగ్గర రోడ్డు పక్కన నిలబడి ఉందనీ, లోపల ఎవరూ లేరనీ చెప్పాడు. రెండో గేరు ఇరుక్కుని ఉంటుంది, మాట వినకపోతే అంతే అని మస్తాన్‌వలి సంతోషపడ్డాడు. దక్షిణానికి బస్సెక్కాం.

మేం వెళ్లేసరికి తాటిచెర్ల రోడ్డు పక్కన చక్రాల గుర్తులున్నాయి, లారీ లేదు. స్టేషనుకు పోతే సెంట్రీ దగ్గరనుంచి ఎస్సై దాకా అందరూ ఎర్రటి కళ్లతో తుమ్ముతున్నారు. మిర్చి లారీ ఏమైనా చూశారా అని అడిగితే, వాతావరణం మారింది గనక జలుబులు చేశాయన్నారు.

అసలు సంగతి ఎదురుగా ఉన్న సోడాబండి ఆయన చెప్పాడు. చోరీ సొత్తు దొరికితే చోరీ జరిగినట్టే లెక్క. కాబట్టి తన పరిధిలో చోరీ సొత్తు దొరక్కుండా చూసుకోవడం ఆ వారం ప్రతి ఎస్సైకీ చావుబతుకుల సమస్య. తాటిచెర్ల వాళ్లు మెకానిక్కును పిలిపించి, గేరుబాక్సు విప్పించి, నూనె పోయించి, లారీని పొలిమేర దాటించి పక్క స్టేషను పరిధిలో పెట్టి వచ్చారు. వెనక్కు ఎందుకు తోలలేదంటే రోడ్డు మధ్యలో డివైడరు. తిప్పుకునే చోటు చాలా దూరం. ఆ రోడ్డున పోయే బండి ముందుకే పోవాలి.

పక్క స్టేషనుకు పోయాం. వాళ్లూ తుమ్ముతున్నారు. వాళ్ల పరిధిలో డీజిలు అయిపోతే డీజిలు పోయించి మరీ పంపారు. ఆ పక్క స్టేషనులో వాన చినుకులు పడుతుంటే టార్పాలిన్ విప్పి మళ్లీ గట్టిగా బిగించారు. తడిస్తే బూజు వాసనకు జనం పోగవుతారని ముందుచూపు. ఆ తరవాతి స్టేషను వాళ్లు అరిగిపోయిన టైరు తీసి మంచిది వేశారు. టోల్‌గేట్ల దగ్గర జీపు ముందు నడిచింది గనక ఎవడూ ఆపలేదు. నేను ఓనరునై ఉండి ఆ లారీకి ఏనాడూ అంత సేవ చెయ్యలేదు. సిగ్గేసింది.

మేం ఎక్కడికి పోయినా అది అప్పుడే పోయిందనేవారు. పోయిందని అనేవారు కారులెండి, తుమ్మేవారు.

చివరికి ఏటిగట్టు అనే ఊళ్లో స్టేషను బల్ల మీద ఒక బక్కపలచటి మనిషి తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మెడలో పసుపు తువ్వాలు. మస్తాన్‌వలి వాణ్ణి చూసి పళ్లు పటపట కొరికాడు.

“రెండో గేరు తట్టి వెయ్యమని చెప్పానా లేదా?” అన్నాడు.

“మర్చిపోయినా అన్నా. మెకానిక్కును పిలుచుకొచ్చేలోపల బండి లేదు. ఈ రోడ్డు మీద దొంగలు ఎక్కువైపోయినారు,” అన్నాడు వాడు.

పేరు పెంచలయ్యట. వాడి పైన ఒక పెద్ద దొంగ ఉన్నాడు. సరుకు వాడికి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే మధ్యలో పెంచలయ్యే అమ్ముకున్నాడనుకుని కాళ్లు విరగ్గొడతాడు. అందుకని లారీ పోయిందని కేసు పెట్టి ఆ కాగితం చూపిద్దామని వచ్చాడు. నా పరిస్థితీ అచ్చంగా అదే అని వినగానే వాడి మీద నాకున్న కోపం సగం దిగిపోయింది.

ఏటిగట్టు ఎస్సై గారి ముందు ముగ్గురం నిలబడ్డాం. వీడే దొంగ అని నేను చూపించాను. ఆయన కళ్లు తుడుచుకుని, చోరీయే జరగని చోట దొంగ ఎట్లా ఉంటాడని అడిగారు. ఒక లారీని ఇద్దరు నాదంటే నాదనడం సివిలు తగాదా, కోర్టుకు పొమ్మన్నారు.

“నాది కాదు సామీ, ఆయనదే. నేనే ఎత్తుకొచ్చినా. రాసుకోండి, లోపల వెయ్యండి. బయటుంటే నా కాళ్లు ఉండవు,” అన్నాడు పెంచలయ్య.

“వారోత్సవం అయ్యాక రా నాయనా,” అన్నారు ఎస్సై గారు, చాలా దయగా.

వాణ్ణి ఏం చెయ్యాలో తెలియక మాతోనే బస్సెక్కించుకున్నాం. అన్నానికి కూర్చుంటే ముగ్గురికీ విస్తళ్లు వేశారు. నా లారీ దొంగకు నేనే వడ్డన చేయించాల్సి వచ్చింది.

హార్బరు గేటు చేరేసరికి రంగనాయకులు గారి ఫోను. ఇన్నేళ్లలో నా లారీ గడువుకు ముందే చేరడం ఇదే మొదటిసారనీ, మిర్చి ఒక్క టిక్కీ తగ్గలేదు, తడవలేదనీ, ఇక మీదట సరుకంతా నాకే ఇస్తాననీ అన్నారు. ఆఖరి స్టేషను పరిధి హార్బరు గేటుతో అయిపోతుంది. వాళ్లు తాయారమ్మను లోపలికి తోసి ఊపిరి పీల్చుకున్నారు. లోపల అది ఒంటరిగా, తోమిన బిందెలాగా మెరుస్తూ నిలబడి ఉంది. తలుపు మీద చెయ్యి వేస్తే నాకు నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి. మిర్చి వల్ల కాదు.

వారోత్సవం దిగ్విజయంగా ముగిసింది. రహదారి మొత్తం మీద ఒక్క చోరీ కూడా నమోదు కాలేదు. అన్ని స్టేషన్లూ సమానంగా నెగ్గడంతో షీల్డు ఎవరికివ్వాలో తేలక పెద్ద అధికారి దాన్ని తన దగ్గరే ఉంచుకున్నారు.

లోడు దింపించుకుని ముగ్గురం తాయారమ్మలో తిరుగుప్రయాణమయ్యాం. దారిలో ఫ్లెక్సీలు మారి ఉన్నాయి. వాటిని చదువుకుంటూ కూడా నాకు బుర్ర వెలగలేదు. చోరీలు పూర్తిగా ఆగిపోయాయి గనక ఇక దొంగల్ని ఏరివెయ్యడమే మిగిలిందని పెద్ద అధికారి ‘దొంగల పట్టివేత వారోత్సవం’ ప్రకటించారు. దొంగను పట్టుకున్న స్టేషనుకు షీల్డు. పట్టుకోలేని ఎస్సైకి అడవి.

ఆ దాబా టీ బాగుంటుందని మస్తాన్‌వలి అనడంతో, లారీని మా వైపు రోడ్డు మీదే ఆపి, డివైడరు దాటి అవతలికి నడిచి వెళ్లాం. నేను మంచం మీద కూర్చుని కాళ్లు పొయ్యి వైపు చాపాను. టీ ఇంకా రాకముందే రెండు జీపులు వచ్చాయి.

మజ్జిగ గ్లాసు కింద నా ఫిర్యాదు ఉంది చూశారూ, దాన్ని సోమసుందరం గారు పండగ మారగానే తీసి నమోదు చేశారు. అందులో లారీ నంబరుంది. ఆ నంబరు లారీ ఎదురుగా ఉంది. అందులోంచి దిగినవాణ్ణి నేను.

“ఆ ఫిర్యాదు ఇచ్చింది నేనే గదండీ,” అన్నాను.

“ఫిర్యాదుదారుడి ఆచూకీ తీస్తున్నాము. వారికి న్యాయం చేస్తాము,” అన్నారు సోమసుందరం గారు.

“వారు నేనే సార్. మీరు మజ్జిగ ఇచ్చారు.”

“తమరు ముద్దాయి. ముద్దాయి చెప్పేది సాక్ష్యానికి పనికిరాదు.”

ఈలోపల ప్రకాశరావు గారు నా ఎడమ రెక్క పట్టుకున్నారు. మంచం రాళ్లవాగుది గనక దొంగ కూడా రాళ్లవాగు దొంగేనన్నారు. కాళ్లు పొయ్యి వైపున్నాయి గనక కొండమిట్ట దొంగేనని సోమసుందరం గారు కుడి రెక్క లాగారు. క్రితం వారం వద్దు వద్దన్న దాబా ఇప్పుడు నాదంటే నాదని టేపు తెప్పించి నా మోకాళ్ల దాకా కొలిచారు. నన్ను నడుముకు రెండుగా విడగొడితే తప్ప న్యాయం జరిగేటట్టు కనపడలేదు. మా ఆవిడ మాట గుర్తొచ్చింది. లారీతో రమ్మంది గానీ, నేను లేకుండా లారీ రావడం గురించి ఏమీ చెప్పలేదు.

పెంచలయ్య ముందుకొచ్చాడు. ఎత్తుకుపోయింది తానేనని, లారీ ఓనరును నేనని, నన్ను వదిలెయ్యమని దణ్ణం పెట్టాడు.

“స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవాడిని పట్టుకున్నట్లు చూపుటకు వీలు లేదు. ఇది పట్టివేత వారోత్సవం. లొంగుబాటు వారోత్సవం వచ్చినప్పుడు పరిశీలిస్తాము,” అన్నారు సోమసుందరం గారు.

“అట్లయితే పరిగెత్తమంటారా సామీ?” అన్నాడు పెంచలయ్య.

ఎస్సైలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పరిగెత్తితే నిబంధనలు ఒప్పుకుంటాయన్నారు ప్రకాశరావు గారు.

వాడు పరిగెత్తాడు. నా రెక్కలు రెండూ ఒక్కసారే వదిలేసి ఎస్సైలు, వాళ్ల వెనక కానిస్టేబుళ్లు, ఈలలు ఊదుకుంటూ వెంటపడ్డారు. పెంచలయ్య పొయ్యి చుట్టూ ఒక చుట్టు తిరిగి, మంచాలు దూకి, రోడ్డు దాటి, డివైడరు ఎక్కి అవతల పడి, తాయారమ్మ క్యాబిన్‌లోకి ఎగబాకాడు. తాళాలు మస్తాన్‌వలి దాంట్లోనే వదిలాడు. మొదటి గేరు పడింది. తాటిచెర్ల పోలీసులు నూనె పోయించిన రెండో గేరు వెన్నలాగా పడింది. జీపులు డివైడరుకు ఇవతలున్నాయి. తిప్పుకునే చోటు చాలా దూరం.

లారీ లేకపోతే సొత్తు లేదు, సొత్తు లేకపోతే ముద్దాయి లేడు. నన్ను పొమ్మన్నారు. మస్తాన్‌వలి, నేను బస్సెక్కాం. ఒక దొంగను నమ్మి పక్కన కూర్చోబెట్టుకున్న నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను. గాజులు తీసిచ్చిన రోజున మా ఆవిడ చేతులు ఎట్లా బోసిపోయి ఉన్నాయో అదే కళ్లముందు తిరిగింది. వీధి మొదట్లో దిగి కాళ్లీడ్చుకుంటూ ఇంటికి నడిచాను.

గేటు ముందు తాయారమ్మ నిలబడి ఉంది. లోపల తాయారమ్మ పెంచలయ్యకు గోంగూర వడ్డిస్తోంది.

“డోరు మీద అడ్రసుంది గదా సామీ,” అన్నాడు వాడు. “మా పెద్ద దొంగోడు ఊరంతా నా కోసం ఎతుకుతా ఉంటాడు. దొంగిలించిన ఇంట్లో దాక్కుంటానని వాడికి తోచదు.”

“నువ్వు పంపిన డ్రైవరంటగా. బుద్ధిమంతుడు. ఇన్ని రోజులూ నువ్వెక్కడ చచ్చావు?” అంది మా ఆవిడ.

నేను చెప్పుకునేలోపల ఫోను మోగింది. సోమసుందరం గారు. గొంతు ఎంతో మృదువుగా ఉంది. పట్టివేత వారోత్సవం ముగిసేలోపల పారిపోయినవాడి మీద నేనొక కొత్త ఫిర్యాదు ఇస్తే చాలు, వాణ్ణి తాను పట్టుకుంటాననీ, స్టేషనుదాకా రానక్కర్లేదనీ, కాగితం, కలం తానే పంపిస్తాననీ అన్నారు. మేకు ఇంకా ఖాళీగానే ఉందట. లారీ చోరీ అయిందని ఒక్క ముక్క అనమని బతిమాలారు.

నేను పెంచలయ్య వైపు చూశాను. వాడి చేతిలో ముద్ద ఆగిపోయింది.

“చోరీయా? మా లారీ ఎక్కడికి పోయిందండీ సార్,” అన్నాను. “ఆలస్యముగా నడచుచున్నది, అంతే.”